పది నిమిషాలకే మండిపోతున్న పాత ల్యాప్‌టాప్: ముందు దుమ్ము, తర్వాతే డబ్బు

ప్రశ్న: మా అన్నయ్య 2018లో కొన్న గేమింగ్ ల్యాప్‌టాప్ ఇప్పుడు నేను వాడుతున్నాను. ఐ5-8300హెచ్ ప్రాసెసర్, 4 జీబీ జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఇంతవరకు ఎప్పుడూ విప్పలేదు. జీటీఏ 5 ఆట మొదలుపెట్టినప్పుడు సెకనుకు 60 ఫ్రేములు వస్తాయి. పది నిమిషాలయ్యేసరికి 20కి పడిపోతుంది, కీబోర్డు మీద వేళ్లు పెట్టలేనంత వేడి. చలికాలంలో ఇంత ఇబ్బంది లేదు. ఒక షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయే దశలో ఉంది, అమ్మేయమన్నారు. కూలింగ్ ప్యాడ్ కొనాలా, ర్యామ్ వేయించాలా, నిజంగా అమ్మేయాలా? మా ఇల్లు బీచ్‌కి దగ్గర.
– బీటెక్ విద్యార్థి, పెదవాల్తేరు, విశాఖపట్నం

సమాధానం: అమ్మకండి. ఇప్పుడే ఏమీ కొననూ వద్దు. మీరు రాసిన లక్షణాల్లోనే జవాబు చాలావరకు ఉంది. మొదటి పది నిమిషాలు 60 ఫ్రేములు ఇస్తోందంటే ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్, బోర్డు మూడూ పని చేస్తున్నట్టే. బోర్డు దెబ్బతింటే ఇంత క్రమంగా వేగం తగ్గదు. నీలం తెర రావడమో, తెర మీద గీతలు పడటమో, అసలు ఆన్ కాకపోవడమో జరుగుతుంది. బాగా నడిచి, వేడెక్కాక పడిపోయి, చల్లారాక మళ్లీ బాగా నడుస్తుంటే అది వేడి సమస్యే. 8300హెచ్ ప్రాసెసర్‌కు ఇంటెల్ పెట్టిన హద్దు 100 డిగ్రీలు. అక్కడికి చేరగానే తనను తాను కాపాడుకోవడానికి అది వేగం తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. మీ 20 ఫ్రేములు అక్కడి నుంచి వస్తున్నవే.

చలికాలంలో ఎందుకు బాగుందో కూడా ఇందులోనే తెలుస్తుంది. చిప్ ఎంత వేడెక్కుతుందన్నది గదిలోని గాలి మీద లెక్క. ఒకే ఆట, ఒకే భారం ఉంటే గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. జనవరి రాత్రి 20 డిగ్రీల గదిలో 85 దగ్గర నిలబడే చిప్, మే నెల మధ్యాహ్నం 35 డిగ్రీల గదిలో 100 తాకుతుంది. ల్యాప్‌టాప్‌లో కొత్తగా ఏదీ చెడిపోనక్కర్లేదు.

అయినా అనుమానంతో విప్పకండి, ముందు కొలవండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, తెరిచేటప్పుడు సెన్సర్లు మాత్రమే చూపే ఎంపిక పెట్టండి. దాన్ని వెనకాల నడవనిచ్చి జీటీఏలో ఒకే వీధిలో 20 నిమిషాలు తిరగండి. తర్వాత నాలుగు అంకెలు రాసుకోండి: ప్రాసెసర్ ప్యాకేజీ గరిష్ఠ ఉష్ణోగ్రత, కోర్ల క్లాక్ (వేగం) ఎంతకు పడింది, థర్మల్ థ్రాట్లింగ్ అన్న వరుసలో అవును అని వచ్చిందా లేదా, గ్రాఫిక్స్ చిప్ ఉష్ణోగ్రత. గది వేడి కూడా పక్కన రాయండి. అది లేకపోతే రేపు శుభ్రం చేశాక పోల్చుకోవడానికి ఆధారం ఉండదు.

ఉష్ణోగ్రత 80 దగ్గరే ఉండి క్లాక్ మాత్రం 800 మెగాహెర్ట్జ్‌కి పడిపోతుంటే దారి వేరు. అప్పుడు చార్జర్‌ని చూడాలి. కొన్ని మోడళ్లు అసలు చార్జర్ కాకుండా తక్కువ వాట్ల చార్జర్ పెడితే, లేదా చార్జర్ పిన్ను సరిగా గుర్తించకపోతే, ప్రాసెసర్‌ను అడుగుకు తొక్కేస్తాయి. చార్జర్ మీద రాసి ఉన్న వాట్లు, ల్యాప్‌టాప్ అడుగున రాసి ఉన్న అవసరం సరిపోతున్నాయో చూసుకోండి. చార్జర్ తీసి బ్యాటరీ మీద ఆట ఆడి, ఫ్రేములు తక్కువని తీర్పు చెప్పకండి. బ్యాటరీ మీద గేమింగ్ ల్యాప్‌టాప్ ఏదైనా తగ్గించే నడుస్తుంది.

వేడి 95 దాటి థ్రాట్లింగ్ కనబడితే ఇక విప్పాల్సిందే. సముద్రం పక్కన ఉండే ఇంట్లో ఇన్నేళ్లు విప్పని యంత్రం లోపల ఏముంటుందో ఊహించడం కష్టం కాదు. పొడి ఊళ్లలో దుమ్ము పొడిగా ఉండి ఊదితే ఎగిరిపోతుంది. విశాఖ గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉన్నాయి. ఉప్పు తేమను పీల్చుకుంటుంది. దుమ్ము, బట్టల నూలు, వెంట్రుకలు దానితో కలిసి, చిప్ వేడిని లాగి బయటికి వదిలే హీట్ సింక్ రాగి రెక్కల మీద కంబళిలా అతుక్కుంటాయి. అది ఫ్యాన్‌కీ రెక్కలకీ మధ్య ఉంటుంది కాబట్టి బయటి నుంచి జాలీలో చూస్తే శుభ్రంగానే కనబడుతుంది. అందుకే బయటి నుంచి ఊది, అయిపోయిందనుకునేవాళ్లు ఎక్కువ. అలా ఊదితే ఆ కంబళి ఇంకా గట్టిగా ఇరుక్కోవడమే.

కావలసినవి ఇవి: పీహెచ్0, పీహెచ్1 సైజు స్టార్ స్క్రూడ్రైవర్లు, పాత ఏటీఎం కార్డు, అంగుళం పెయింట్ బ్రష్షు కొత్తది, పట్టకారు, కెమెరాలకు వాడే రబ్బరు బుడగ బ్లోయర్, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు రాలని గుడ్డ, చిప్‌కీ హీట్ సింక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్టు 2 గ్రాముల ట్యూబు. పేస్టుకి ఆర్కిటిక్ ఎంఎక్స్-4, ఎంఎక్స్-6, నాక్టువా ఎన్‌టీ-హెచ్1 లాంటివి చాలు. ఆల్కహాల్ బదులు శానిటైజర్ వాడకండి, అందులో గ్లిసరిన్ ఉంటుంది, పొరలా మిగిలిపోతుంది. గోళ్ల రంగు తీసే ద్రవం ప్లాస్టిక్‌ను తినేస్తుంది. లిక్విడ్ మెటల్ అనే పేస్టు గురించి ఎవరైనా గొప్పగా చెబితే వినకండి: అది కరెంటును ప్రవహింపజేస్తుంది, చుక్క జారితే బోర్డు పోతుంది, అల్యూమినియాన్ని కొరుకుతుంది. మొదటిసారి విప్పేవాళ్లకు అది పనికిరాదు.

మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ దొరికితే ముందు ఒకసారి పూర్తిగా చదవండి. ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, అడుగు మూత స్క్రూలు విప్పండి. తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించండి. ఇది చాదస్తం కాదు. స్క్రూల పొడవులు వేరువేరుగా ఉంటాయి, పొడవాటిది పొట్టి రంధ్రంలో బిగిస్తే కీబోర్డు వైపు ప్లాస్టిక్‌ను పొడుచుకొస్తుంది. సముద్రపు గాలికి స్క్రూ తలలు తుప్పు పట్టి ఉండొచ్చు. అలాంటప్పుడు స్క్రూడ్రైవర్‌ను గట్టిగా కిందికి నొక్కుతూ నెమ్మదిగా తిప్పాలి, తల అరిగిపోతే తీయడం చాలా కష్టం. మూత అంచుల్లో ఏటీఎం కార్డు దూర్చి లాకులు ఒక్కొక్కటే విడిపించండి. ఇనుప స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే అంచు పగులుతుంది.

మూత రాగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. ఆ తర్వాత పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు పోతుంది. చేతిలోని స్థిర విద్యుత్తు పోవడానికి కిటికీ ఇనుప ఊచను ఒకసారి ముట్టుకోండి. ఈ దశలో బ్యాటరీని కూడా చూడండి. దిండులా ఉబ్బి ఉంటే అక్కడే ఆపేయండి. ఉబ్బిన లిథియం బ్యాటరీని నొక్కడం, పొడవడం, ఒంచడం ప్రమాదం, మంటలు లేస్తాయి. అది మార్చాకే మిగతా పని. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుండటం, మూత సరిగా పడకపోవడం దానికి ముందుగా కనబడే గుర్తులు.

ఇప్పుడు ఫ్యాన్లు. వాటి స్క్రూలు తీసి, తీగ కనెక్టర్‌ను తీగ పట్టి లాగకుండా గోటితో నెట్టి బయటికి తీయండి. ఫ్యాన్ తీశాక ఆ కంబళి పొర ఎదురుగా కనబడుతుంది. పట్టకారుతో ఒక మూల పట్టుకుంటే చాలావరకు ఒకే ముక్కగా వస్తుంది. మిగిలింది బ్రష్షుతో రెక్కల నిలువు దిశలో గీయండి, అడ్డంగా గీస్తే సన్నని రెక్కలు వంగిపోతాయి. ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకుని బ్రష్షుతో తుడవండి. పట్టుకోకుండా బ్లోయర్‌తో ఊదితే ఫ్యాన్ దాని పరిమితికి మించి తిరుగుతుంది, బేరింగు దెబ్బతింటుంది. కనెక్టర్ పెట్టి ఉంటే తిరిగే ఫ్యాన్ జనరేటర్‌లా బోర్డులోకి కరెంటు పంపుతుంది కూడా. వేలితో తిప్పి వదిలితే ఫ్యాన్ కాసేపు తిరిగి ఆగాలి. వెంటనే ఆగినా, గరగరమన్నా మార్చడమే మంచిది. కుట్టుమిషన్ నూనె చుక్క వేస్తే కొన్నాళ్లు నడుస్తుంది, అంతే. కొత్తది కొనేటప్పుడు ల్యాప్‌టాప్ పేరు చెబితే సరిపోదు. ఫ్యాన్ స్టిక్కర్ మీద ఉన్న పార్టు నంబరు ఫొటో తీసుకెళ్లండి, కుడి ఎడమ ఫ్యాన్లు వేరుగా ఉంటాయి.

పేస్టు మార్చడానికి హీట్ సింక్ తీయాలి. ఓపిక బాగా కావలసిన చోటు ఇదే. రాగి పట్టీల పక్కన స్క్రూల మీద 1, 2, 3 అని అంకెలు ఉంటాయి, బిగించే వరుస అది. విప్పేటప్పుడు చివరి అంకె నుంచి మొదటికి, ఒక్కొక్కటి ఒకేసారి పూర్తిగా కాకుండా సగం సగం తిప్పుతూ రండి. ల్యాప్‌టాప్ చిప్ మీద డెస్క్‌టాప్ ప్రాసెసర్‌లా లోహపు మూత ఉండదు, సిలికాన్ నేరుగా పైకి ఉంటుంది. ఒక మూల మీదే బరువు పడితే అంచు చిట్లుతుంది. హీట్ సింక్ రాకపోతే పైకి లాగకండి. ఎండిన పేస్టు పట్టేసి ఉంటుంది. కొద్దిగా పక్కలకు కదుపుతూ ఉంటే వదులుతుంది. విప్పే ముందు ఐదు నిమిషాలు ల్యాప్‌టాప్ వాడి కొంచెం వెచ్చబడనిస్తే ఇంకా సులువు.

పాత పేస్టు ఆల్కహాల్ తడిపిన గుడ్డతో రెండు వైపులా అద్దంలా మెరిసేదాకా తుడవండి. కొత్త పేస్టు చిప్ మీద సన్నని గీత వేసి, కార్డు అంచుతో మూలల దాకా పలచగా పరవండి. కింద చిప్ రంగు కనబడనంత మందం చాలు. ఎక్కువ వేస్తే పక్కలకు కారుతుంది, వేడి అంటారా, తగ్గదు. తక్కువైతే పేస్టు లేని మూల మండిపోతుంది, ఒక కోరు మిగతావాటికన్నా పదిహేను డిగ్రీలు ఎక్కువ చూపిస్తే కారణం ఎక్కువగా ఇదే. మామూలు పేస్టు ల్యాప్‌టాప్‌లలో పదేపదే వేడెక్కి చల్లారడం వల్ల మెల్లగా అంచుల వైపు జరిగిపోతుంది. హనీవెల్ పీటీఎం7950 అనే పలక దొరికితే నా ఓటు దానికే. గది వేడిలో ఘనంగా ఉండి, దాదాపు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి చిప్ మీద పరుచుకుంటుంది, పేస్టులా జరిగిపోదు. అయితే దాని పేరుతో నకిలీలు తిరుగుతున్నాయి, నమ్మకమైన అమ్మకందారు దగ్గరే తీసుకోండి.

చిప్‌ల పక్కన గ్రాఫిక్స్ మెమరీ మీద, కరెంటు భాగాల మీద మెత్తని థర్మల్ ప్యాడ్‌లు ఉంటాయి. చిరగకపోతే అలాగే ఉంచండి. చిరిగితే మందం కొలిచి అదే మందం వేయాలి, 0.5, 1, 1.5 మిల్లీమీటర్లవి ఒకే బోర్డులో కలిసి ఉండొచ్చు. అర మిల్లీమీటరు ఎక్కువైనా హీట్ సింక్ ఎత్తుకుని చిప్‌ను తాకదు. పాత దాని కన్నా దారుణమైన ఫలితం వచ్చేది ఇక్కడే. ప్యాడ్ మీద పేస్టు పూయడం, రెండు ప్యాడ్‌లు దొంతరగా పెట్టడం వద్దు.

అంకెల వరుసలో స్క్రూలు కొంచెం కొంచెంగా బిగించి, ఫ్యాన్ కనెక్టర్లు, ఆఖరున బ్యాటరీ పెట్టి, మూత పూర్తిగా మూయకముందే ఒకసారి ఆన్ చేయండి. ఫ్యాన్లు తిరుగుతున్నాయా, డెస్క్‌టాప్ మీద ఊరికే ఉన్నప్పుడు ఎంత చూపిస్తోందో చూడండి. ఏ పనీ లేకుండానే నిమిషంలో 90కి ఎగబాకితే హీట్ సింక్ సరిగా కూర్చోలేదన్నమాట, మళ్లీ తెరవండి. అంతా సరిగా ఉంటే మొదట చేసిన 20 నిమిషాల పరీక్షే మళ్లీ చేసి అంకెలు పోల్చండి. ఇన్నేళ్లు విప్పని యంత్రం పది డిగ్రీలకు పైగా తగ్గడం మామూలే.

తర్వాత పైసా ఖర్చు లేని పని: తెర ఎంత చూపగలదో అంతకు మించి ఫ్రేములు తయారు చేయనివ్వకండి. మీది 60 హెర్ట్జ్ తెర అయితే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో గరిష్ఠ ఫ్రేమ్ రేటు 60 అని పెట్టండి. లేకపోతే ఆట మెనూలో ఊరికే నిలబడి ఉన్నా చిప్ వందకు పైగా ఫ్రేములు గీస్తూ కాలిపోతుంది.

ఆపైన వోల్టేజ్. ప్రాసెసర్ పని చేసేటప్పుడు పుట్టే వేడి వోల్టేజ్ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి పెరుగుతుంది. 1.1 వోల్టుల దగ్గర నడిచేదాన్ని 1.0 వోల్టుకు తెస్తే, వేగం మారకుండానే ఆ వేడి సుమారు 17 శాతం తగ్గుతుంది. థ్రాటిల్‌స్టాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్‌ఐవీఆర్ విభాగం తెరిచి, సీపీయూ కోర్, సీపీయూ క్యాష్ రెండింటికీ ఒకే విలువ, మైనస్ 50 మిల్లీవోల్టులు పెట్టండి. అరగంట ఆట ఆడి చూడండి. ఇబ్బంది లేకపోతే 10 చొప్పున తగ్గించుకుంటూ వెళ్లండి. ఎక్కడ హ్యాంగ్ అయినా, నీలం తెర వచ్చినా, 15 మిల్లీవోల్టులు వెనక్కి రండి. తగ్గించడం వల్ల చిప్ కాలిపోదు, ఆగిపోతుంది, అంతే. కాకపోతే చదువు ఫైళ్లు సేవ్ చేసుకుని మొదలుపెట్టండి. స్థిరంగా ఉందని నమ్మకం కుదిరేదాకా విండోస్‌తో పాటే మొదలయ్యేలా పెట్టకండి.

ఈ విభాగం లాక్ అయి కనబడొచ్చు. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ల్యాప్‌టాప్‌ల బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌లలో ఈ సౌకర్యాన్ని మూసేశారు. దానికోసం పాత బయోస్‌కు వెళ్లే సాహసం చేయొద్దు, భద్రతా పరంగా అది వెనకడుగు. దానికి బదులు అదే సాఫ్ట్‌వేర్‌లో టర్బో (భారం పడినప్పుడు ప్రాసెసర్ పెంచుకునే అదనపు వేగం) హద్దులు నాలుగు కోర్లకూ 33 అని పెడితే ప్రాసెసర్ 3.3 గిగాహెర్ట్జ్ దాటదు. జీటీఏ 5కి అది చాలు, వేడి స్పష్టంగా తగ్గుతుంది. విండోస్ పవర్ ప్లాన్‌లో ప్రాసెసర్ గరిష్ఠాన్ని 99 శాతం చేయమని చాలామంది సలహా ఇస్తారు. అలా చేస్తే టర్బో మొత్తం ఆగిపోయి మీ ప్రాసెసర్ 2.3 గిగాహెర్ట్జ్ దగ్గరే ఉండిపోతుంది. మే నెల మధ్యాహ్నం తప్పనిసరైతే తప్ప వద్దు. ఇంకో సంగతి, వాలరెంట్ ఆటలో ఉండే వాన్‌గార్డ్ లాంటి, మోసాలను ఆపే రక్షణ ఏర్పాట్లు ఇలాంటి కొన్ని సాఫ్ట్‌వేర్‌లను అడ్డుకోవచ్చు, ఆ ఆట తెరిచే ముందు వాటిని మూసేయండి.

గ్రాఫిక్స్ చిప్‌కీ ఇదే సూత్రం. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కీలు కలిపి నొక్కితే వోల్టేజ్ గీత వస్తుంది. 850 మిల్లీవోల్టుల దగ్గర 1600 మెగాహెర్ట్జ్ పెట్టి, దాని తర్వాతి గీతంతా సమతలం చేసి పరీక్షించండి. తెర మీద చుక్కలు మెరిసినా, ఆట మూసుకుపోయినా వేగాన్ని 25 మెగాహెర్ట్జ్ తగ్గించండి. డ్రైవర్ల విషయంలో తొందర అక్కర్లేదు. 1050 టీఐ తరానికి ఎన్విడియా కొత్త ఆటల కోసం చేసే డ్రైవర్లను 2025 అక్టోబరుతో ఆపేసింది, భద్రతా అప్‌డేట్‌లు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తామంది. చివరి 580 శ్రేణి డ్రైవర్ వేసుకుని ఉండండి.

జీటీఏ సెట్టింగ్‌లలో నాలుగు మాత్రం మార్చండి: ఎంఎస్ఏఏ (బొమ్మల అంచులు నునుపు చేసేది) పూర్తిగా ఆపు, గడ్డి నార్మల్, నీడలు సాఫ్ట్, అడ్వాన్స్‌డ్ గ్రాఫిక్స్ పేజీలో ఉన్నవన్నీ ఆపు. మీ యంత్రానికి ఆట పాత రూపమైన లెగసీ వెర్షనే తగినది.

ఇక కొనాల్సినవి. వేడి అదుపులోకి వచ్చాక కూడా ఆట మధ్యలో క్షణం ఆగి కదులుతుంటే అది ర్యామ్, డిస్క్ పని. మొదట డబ్బు పెట్టాల్సింది హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన ఎస్ఎస్‌డీ మీదే. బోర్డు మీద ఎం.2 స్లాట్ ఉందా, అది ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ తీసుకుంటుందా, సాటా రకం మాత్రమే తీసుకుంటుందా మాన్యువల్‌లో చూసుకుని కొనండి. రెండూ ఒకేలా కనబడతాయి, తప్పుది తెచ్చుకుంటే గుర్తించదు. కారు వేగంగా వెళ్తుంటే రోడ్డు ఆలస్యంగా కనబడటం హార్డ్ డిస్క్ వల్లే. విండోస్ కొత్తగా ఎస్ఎస్‌డీ మీద వేసేటప్పుడే 11కి మారండి. 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, మీ 8వ తరం ప్రాసెసర్ 11కి అర్హమే. తర్వాత ఇంకో 8 జీబీ డీడీఆర్4 2666 ల్యాప్‌టాప్ ర్యామ్. రెండు స్టిక్‌లు కలిసి డ్యూయల్ ఛానెల్‌లో (ఒకేసారి రెండు దారుల్లో) నడిస్తే సగటు ఫ్రేముల కన్నా అట్టడుగుకు పడిపోయే క్షణాలు తగ్గుతాయి, ఆడేవాళ్లకు తేడా తెలిసేది అక్కడే.

కూలింగ్ ప్యాడ్ ఆఖరున. లోపల రెక్కలు మూసుకుపోయి ఉండగా కింద నుంచి ఎంత గాలి కొట్టినా లోపలికి పోదు. శుభ్రం చేశాక ల్యాప్‌టాప్ వెనక అంచు కింద రెండు వాటర్ బాటిల్ మూతలు పెట్టి కొంచెం ఎత్తి చూడండి, చాలామందికి అదే సరిపోతుంది. పరుపు మీద, దిండు మీద మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

మీ ఇంటికి మరో జాగ్రత్త. సముద్రం వైపు కిటికీ ముందు బల్ల వేసుకుని ఉంటే గది లోపలి గోడ వైపుకు మార్చండి. ఏసీ గదిలో చల్లబడ్డ ల్యాప్‌టాప్‌ను ఉక్కపోతగా ఉన్న గదిలోకి తెచ్చి వెంటనే ఆన్ చేయకండి, చల్లని లోహం మీద తేమ పడుతుంది, అరగంట ఆగండి. ఫ్యాన్లు, రెక్కలు ఆరు నెలలకోసారి, ఎండలు ముదరకముందు మార్చిలో ఒకసారి, వానలు తగ్గాక అక్టోబరులో ఒకసారి శుభ్రం చేయండి. పేస్టు ప్రతిసారీ మార్చక్కర్లేదు, అంకెలు మళ్లీ పెరిగితే చాలు.

చేతులు వణుకుతాయనుకుంటే ద్వారకానగర్ వైపు షాపుల్లో ఎక్కడైనా చేయించండి, కానీ మీ ఎదురుగా చేయమనండి. అడగాల్సింది ‘సర్వీసింగ్’ అని కాదు. ఫ్యాన్లు విడిగా తీసి రెక్కలు శుభ్రం చేయాలి, హీట్ సింక్ తీసి పేస్టు మార్చాలి, ఏ పేస్టు వేస్తున్నారో ట్యూబు చూపించాలి అని విడమరిచి చెప్పండి. ఇంటి దగ్గర రాసుకున్న ఆ నాలుగు అంకెల కాగితం జేబులో పెట్టుకెళ్లండి. డబ్బు ఇచ్చే ముందు అక్కడే పది నిమిషాలు ఆట నడిపి పోల్చుకోండి.